గోరీ మీది పేరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నన్ను ఇంజినీరింగ్‌లో అవకాశాల మీద మాట్లాడమన్నారు. ఆ సంగతులు ఇప్పటి పిల్లలకు నా కంటే వాళ్ల ఫోన్లే బాగా చెప్తాయి. అందుకని వేరే విషయం మాట్లాడతానని ముందే అనుమతి తీసుకున్నాను. ఏడేళ్లుగా నేను మా పెద్దల సమాధులు వెతుకుతూ తిరుగుతున్నాను. పండుగ పూట బొందలగడ్డ మాటలేంటని ఎవరైనా అనుకుంటే మన్నించాలి. ఈ కథలో మన బడి రిజిస్టర్ కూడా ఉంది, అందుకే ఇక్కడ చెప్పాలనిపించింది.

మా నాయన 2018లో పోయాడు. ఆ ఏడు పెత్రమాస నాడు పెద్దల పేరున బియ్యం ఇస్తున్నప్పుడు మూడు తరాల పేర్లు చెప్పమన్నారు. నాయన పేరు చెప్పాను. తాత పేరు చెప్పాను. మూడో పేరు దగ్గర అన్నదమ్ములం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పక్కన కూర్చున్న మా చిన్నాయన కాసేపు ఆగి, "ఆ రెండో పేరు గూడ కాదురా" అన్నాడు.

మణుగూరు, కొత్తగూడెం, ఇల్లందు వాళ్లకు ఇక నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. బొగ్గుబాయి కుటుంబాల్లో మారుపేర్లు తెలియని వాడు లేడు. బయటి నుంచి వచ్చిన అతిథుల కోసం రెండు ముక్కలు చెప్తాను. ఒకాయన పేరున పని దొరుకుతుంది. బిళ్ల ఆయన పేరున వస్తుంది. ఆయన చీకట్లోకి దిగి భయపడో, జ్వరమొచ్చో ఊరికి పోతాడు. ఆ బిళ్ల మీద ఇంకో మనిషి దిగుతాడు. మొదట ఒక్కరోజు కోసం దిగిన మనిషి ముప్పై ఏళ్లు అదే పేరుతో పనిచేస్తాడు. జీతం ఆ పేరున, 1948 చట్టంతో వచ్చిన గని కార్మికుల భవిష్య నిధి ఆ పేరున, క్వార్టర్ ఆ పేరున. పిల్లల్ని బడిలో వేస్తే తండ్రి పేరు అదే. నా పదో తరగతి సర్టిఫికెట్ మీద, ఈ బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో, మీరందరూ నన్ను పిలిచే పిలుపులో ఉన్న ఇంటిపేరు మాది కాదు. నలభై తొమ్మిదేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు.

మరి మా అవ్వకు తెలియదా అంటారు. తెలుసు. కానీ ఆ కాలం ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు కదా. "ఇగో", "మీ తాత", "పెద్దోని నాయన" అంటూనే బతుకంతా వెళ్లదీసింది. ఆచారం మూలంగా ఆమె చెప్పలేదు, మాకు అనుమానమూ రాలేదు. ఇంట్లో ఒక రహస్యం దాగి ఉండడానికి ఎవరూ దాచాల్సిన పని కూడా లేకపోయింది.

తాత సమాధి కొత్తగూడెంలో ఉంది. ఇటుక కట్టి సిమెంటు పూసిన చిన్న గోరీ. నాయన కట్టించాడు. దాని మీద బిళ్ల పేరే చెక్కి ఉంది, ఎందుకంటే తోటి కార్మికులు ఆయనను ఆ పేరుతోనే ఎరుగుదురు. మేం ఏటా పోయి పూలు పెట్టే రాయి మీద మా తాత పేరు లేదన్నమాట. ఇక మా ముత్తాత ఎవరు, ఏ ఊరు, ఎక్కడ పూడ్చారు? చిన్నాయనకు తెలిసింది ఇంతే: "కరీంనగర్ దిక్కు. గత్తరొచ్చి పోయిండట."

నేను ముప్పై ఏళ్లు కాలువలు, చెరువు కట్టల సర్వేలు చేసినవాణ్ణి. తెలియని చోటికి పోవాలంటే ముందు తెలిసిన ఒక బిందువు కావాలి. మాకు తెలిసిన బిందువు తాత నౌకరి కాగితం. అందులో పేరు అబద్ధం, తండ్రి పేరు అబద్ధం, ఊరు అబద్ధం. కానీ ఆ అబద్ధం వెనక ఒక నిజమైన మనిషి ఉండి ఉండాలి కదా. మా తాత నోటికొచ్చిన పేరు చెప్పలేదు, ఎవరి బిళ్లో తీసుకున్నాడు. కాబట్టి ఆ మనిషిని పట్టుకుంటే ఆ ఇంట్లో ఎవరికైనా మా తాత సంగతి తెలిసి ఉండొచ్చు. ఇదే నా లెక్క.

ఇక్కడ కాగితాల గురించి కొంచెం చెప్పాలి, మీలో ఈ పని మొదలుపెట్టాలనుకునే వాళ్లకు పనికొస్తుంది. నిజాం కాలపు కాగితాల మీద తేదీలు ఫసలీలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే దాదాపు మన సంవత్సరం వస్తుంది. తాత చేరింది 1352 ఫసలీ అంటే 1942 అటూ ఇటూ. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం, బొగ్గుకు గిరాకీ ఉన్న కాలం. ఊళ్లలో భూమి వివరాలకు 1954-55 ఖాస్రా పహాణీ చాలా పెద్ద ఆధారం. ఎవరి పట్టా, ఎవరి సాగు అన్నది అందులో దొరుకుతుంది. మా వంటి వాళ్లకు అదీ లేదు. మాది మాదిగవాడ. భూమి లేని వాళ్ల పేర్లు భూమి కాగితంలో ఉండవు. పూడ్చిన చోటు కూడా ఊరికి దూరంగా ఏ వాగు ఒడ్డునో ఉంటుంది. దాని సర్వే నంబరు పక్కన శ్మశానం అని రాసి ఉంటే అదృష్టం.

ఒక్కోసారి నవ్వొస్తుంది కూడా. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దర్బన్ చేరింది. అందులోనూ, దాని తర్వాత పోయిన ఓడల్లోనూ ఎందరో మన తెలుగు కూలీలు. చెరకు తోటల్లో పనికి పోయిన ఆ మనుషుల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు అన్నీ ఓడ జాబితాల్లో రాసి పెట్టారు. నాలుగైదు తరాల తర్వాత వాళ్ల మనవలు ఆ కాగితం పట్టుకొని మన ఊళ్లకు వచ్చి వెతుక్కుంటున్నారు. సముద్రం దాటిన వాళ్లకు కాగితం ఉంది. కరీంనగర్ నుంచి ఇల్లందుకు నడిచొచ్చిన మా తాతకు లేదు.

నౌకరి కాగితంలో ఉన్న ఊరు ఇప్పటి జనగామ జిల్లాలో ఉంది. పేరు చెప్పను. ఈ ప్రసంగం అచ్చవుతుంది, రెండు కుటుంబాల్లోనూ పెద్దలు బతికున్నారు. నేనూ మా తమ్ముడూ పోయాం. వాడకట్టులో ఆ ఇంటిపేరు అడిగితే ఒక ఇల్లు చూపించారు. అరుగు మీద డెబ్బై దాటిన పెద్దాయన. నా పేరు చెప్పగానే, "మన ఇంటిపేరేనా, ఏ ఊరు బిడ్డా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. తాత పేరు చెప్పి, ఇల్లందు బాయిలో పనిచేశాడని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లోపలికి చూసి, "ఓ పిల్లా, చాయ్ పెట్టు. బాయోళ్ల మనవడొచ్చిండు" అన్నాడు.

వాళ్లింట్లో ఇది కథగా ఉంది. మా ఇంట్లో లేనిది వాళ్లింట్లో ఉంది! ఆయన తండ్రి ఇల్లందు పోయి నెల కూడా నిలవలేదట. బాయి దిగినంక ఊపిరి ఆడలేదని తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు తన పక్కన పండుకునే కుర్రాడికి బిళ్ల ఇచ్చి, "నా పేరు ఖరాబు చెయ్యకు" అన్నాడట. ఆ కుర్రాడే మా తాత. ఆ తర్వాత రెండు మూడు దసరాలకు మా తాత ఆ ఊరికి బట్టలు పట్టుకొని పోయాడట. ఆ తర్వాత రజాకార్ల గడబిడ, రాకపోకలు లేవు.

పెద్దాయన మమ్మల్ని తమ బొందలగడ్డకు తీసుకుపోయాడు. వేపచెట్టు కింద మట్టి దిబ్బ, తల దిక్కు ఒక రాయి. దాని మీద ఏ రాతా లేదు. ఆ పేరు గల అసలు మనిషి అక్కడున్నాడు. ఆ పేరు రాసిన రాయి కొత్తగూడెంలో మా తాత మీద ఉంది. నేను చెప్పులు విడిచి దండం పెట్టాను. ఆ మనిషి బిళ్ల ఇవ్వకపోతే మా నాయనకు మణుగూరు లేదు, నాకీ బడి లేదు. పెద్దాయనే మా తాత అసలు పేరు చెప్పాడు, ఊరూ చెప్పాడు. మానేరు ఒడ్డున, కరీంనగర్ పైన.

ఇంజినీరుగా ఆ ఊరి పేరు వినగానే నాకు గుండె జారింది. ఆ ఊరు లేదు. దిగువ మానేరు జలాశయంలో మునిగింది. 1974లో మొదలై 1985 నాటికి పూర్తయిన ప్రాజెక్టు అది. దాదాపు 24 టీఎంసీల నీళ్లు, పూర్తి మట్టం 920 అడుగులు. ఈ అంకెలు నేను ఉద్యోగంలో ఎన్నోసార్లు రాసినవే. వాటి కింద మా ముత్తాత ఉన్నాడని అనుకోలేదు.

నిర్వాసితులై కరీంనగర్ చేరిన వాళ్లను వెతికాం. మా తాత తమ్ముడి కొడుకు, నాకు వరసకు చిన్నాయన, దొరికాడు. ఎనభై రెండేళ్లు. మమ్మల్ని చూసి ఏడ్వలేదు, కోప్పడ్డాడు. "మా పెదనాయన బాయి కూలిపోయి సచ్చిండనుకొని మా నాయన దినాలు గూడ చేసిండు. మీరు ఇప్పుడొస్తరా?" ఆయన కోపం తగ్గడానికి రెండు రాకపోకలు పట్టాయి. రెండోసారి దీపావళికి రమ్మన్నాడు. కరీంనగర్ కార్ఖానాగడ్డలో మనవాళ్లు కొందరు దీపావళిని సమాధుల దగ్గర చేసుకుంటారు. గోరీలకు సున్నం వేసి, పూలు చుట్టి, పోయినవాళ్లకు ఇష్టమైన తిండి పెట్టి, దీపాలు వెలిగించి, పిల్లలు అక్కడే పటాకులు కాలుస్తారు. నేను బొందలగడ్డలో అంత నవ్వులు ఎప్పుడూ వినలేదు. ఆ రాత్రి ఆయన నన్ను 'కొడుకా' అన్నాడు.

ఆయన ద్వారానే మా డక్కలి ఆయన దొరికాడు. తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. తెలంగాణలో ఒక్కో కులానికి దాని కథ, గోత్రాలు చెప్పే ఆశ్రిత కులం ఉంటుంది. పద్మశాలీలకు కూనపులి, ముదిరాజులకు కాకిపడగల, మాదిగలకు డక్కలి. పటం వేసి జాంబపురాణం చెప్తారు, కిన్నెర వాయిస్తారు. మా ఇంటికి వచ్చే డక్కలి కుటుంబం ఊరు మునిగినంక కూడా మావాళ్లను వెతుక్కుంటూ కరీంనగర్ వచ్చిందట. త్యాగం తీసుకునే హక్కు వాళ్లది, పేరు గుర్తుపెట్టుకునే బాధ్యత కూడా వాళ్లదే. ఆయన కళ్లు మూసుకొని మా ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఆ పైన ఇంకొకటి చెప్పాడు. మా తాత దగ్గరికొచ్చి, "బొగ్గు దేశం పోయిండు, వంశం తెల్వదు" అన్నాడు. మా ముగ్గురు అన్నదమ్ముల పేర్లు, పిల్లల పేర్లు చెప్పాం. ఆడపిల్లల పేర్లు కూడా పెట్టమని నేను పట్టుబట్టాను. ఆయన నవ్వి సరేనన్నాడు. ఆయన ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు, రెండుసార్లు పలికించుకున్నాడు, అంతే.

ఇలాంటి జ్ఞాపకం మనకు దూరమేం కాదు. మన మండలంలోని కూనవరం, శబరి కలిసే కూనవరం కాదు, మన కూనవరం, సకిని రామచంద్రయ్య గారి ఊరు. కోయల డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మ కథలు, పగిడిద్దరాజు కథ, వేల్పుల వంశాలు కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు కిన్నెర దర్శనం మొగిలయ్య గారికి కూడా వచ్చింది. రామచంద్రయ్య గారు 2024లో వెళ్లిపోయారు. మనం బొగ్గుబాయి పిల్లలం ఆయన ఊరి పక్కనే పెరిగి, డోలు చప్పుడు వింటే జాతర అనుకున్నాం. అది వంశచరిత్ర పాఠం అని నాకు కరీంనగర్ పోయాక అర్థమైంది. నాతో చదువుకున్న కోయ మిత్రుడొకరు ఇక్కడే ఉన్నాడు. వాళ్ల ఊళ్లో పోయినవాళ్ల పేరున నిలిపిన రాళ్లున్నాయి. ఏ రాయి ఎవరిదో వాళ్ల అమ్మ చెప్తుంది. "మీకు కాగితం కావాలె బావా, మాకు రాయి చాలు" అని వాడు నన్ను ఎగతాళి చేస్తాడు.

రాళ్లంటే జానంపేట గుర్తొచ్చింది. మా సోషల్ సారు మమ్మల్ని పినపాక వైపు తీసుకుపోయి రాక్షసగుళ్లు చూపించింది మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. నిలువు బండలు, పైన ఏనుగంత మూత బండ, లోపల రాతి తొట్టి. చుట్టూ గుండ్రంగా రాళ్లు. అవి గుళ్లు కావు, ఇనుప యుగపు సమాధులు. రెండు వేల ఏళ్ల పైమాటే. ఇటు జానంపేట, దొంగతోగు, అటు తాడ్వాయి అడవిలో దామరవాయి. 1868లోనే సర్వే శాఖకు చెందిన ముల్హేరన్ అనే ఆయన ఈ గోదావరి అడవుల్లోని రాతి సమాధుల గురించి, శిలువ ఆకారపు రాళ్ల గురించి రాశాడు. మన కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావు గారు వీటి మీద చాలా పని చేశారు. మా ఊహకు అందనిది ఏమిటంటే, అంత బండను ఎత్తిపెట్టిన మనుషుల పేరు ఒక్కటి కూడా మిగల్లేదు. ఇంజినీరుగా ఆ మూత బండను ఎలా లేపారో ఇప్పటికీ లెక్క వేస్తూనే ఉంటాను. అది ఇంకో సభకు.

మళ్లీ మానేరుకు వస్తాను. పాత గ్రామ నక్షా సంపాదించి, కాంటూరు పటం మీద పెట్టి చూశాను. పూర్తి మట్టానికి పదిహేను అడుగులు కిందికి నీళ్లు దిగితే మా వాడ బొందలగడ్డ బయటపడాలి. రోజూ నీటిమట్టం చూస్తూ కూర్చున్నాను. ఒక మే నెలలో దిగింది. చిన్నాయనను మంచం మీద కాదు గానీ దాదాపు అలాగే తీసుకుపోయాం. ఎండిన బురద పగుళ్లు, నత్త గుల్లలు, అక్కడక్కడా ఇళ్ల పునాదులు. బడి గోడ మొదలు కూడా కనిపించింది. నా చేతిలో జీపీఎస్ ఉంది. అది ఒక చోట ఆగమంది. చిన్నాయన ఇంకా నడవమన్నాడు. నలభై అడుగుల అవతల చింతచెట్టు మోడు దగ్గర కూలబడి, "ఇదే" అన్నాడు. నేను ఆయన మాటే తీసుకున్నాను. నక్షా గీసినవాడు మా వాడ దాకా వచ్చి గొలుసు పట్టాడో, ఊరి దగ్గర నిలబడి చేయి చూపించాడో ఎవరికి తెలుసు?

"ఇందులో తాత ఏది చిన్నాయనా?" అన్నాను. "గత్తర సాలు అయిదారుగురిని ఒక్కనాడే పెట్టిన్రు. మా నాయన గూడ చెప్పలేకపోయిండు. అందరికీ పెట్టు" అన్నాడు. అందరికీ కలిపి అన్నం పెట్టాం. జూలైలో నీళ్లు మళ్లీ కమ్మేశాయి.

ఇక కొత్తగూడెం గోరీ. దీని మీద మా ఇంట్లో రెండేళ్లు తగువు నడిచింది. మా తమ్ముడు పాత పేరు చెక్కేసి అసలు పేరు పెట్టాలన్నాడు. కొత్తగూడెం చిన్నాయన ఒప్పుకోలేదు. "ఆ పేరు మనకు బువ్వ పెట్టింది. దాన్ని చెరిపితే నన్ను కూడా అక్కడే పెట్టండి" అన్నాడు. ఇద్దరిదీ న్యాయమే. చివరికి జనగామ పెద్దాయనను అడిగాం. పేరు ఆయన తండ్రిది, ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు మాలో లేరు. "ఉండనియ్యిర్రి. కింద ఇంకోటి రాయుర్రి" అన్నాడు. ఇప్పుడు ఆ రాయి మీద రెండు పేర్లున్నాయి. ఆయన ఊళ్లో వేపచెట్టు కింద ఖాళీ రాయి మీద కూడా ఆయన తండ్రి పేరు రాయించాం, ఖర్చు మేం పెట్టుకున్నాం. నా ఇంటిపేరు మాత్రం మార్చుకోను. మార్చుకోవాలంటే గెజిట్ నుంచి పాస్‌పోర్టు దాకా పనే, కానీ కారణం అది కాదు.

గోదావరి అవతలి మిత్రులకు ఒక మాట. 2014లో పోలవరం ముంపు కింద ఆంధ్రలో కలిసిన కూనవరం, వరరామచంద్రాపురం వైపు నుంచి మన బడికి వచ్చి హాస్టల్లో చదివిన వాళ్లున్నారు. పోలవరం పూర్తి మట్టం 150 అడుగులు. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్‌లో పునరావాస కాలనీకి శ్మశానం ఇవ్వాలని ఉంది, ఆయా కులాల ఆచారాన్ని బట్టి ఖననానికో దహనానికో. అది కొత్తగా పోయేవాళ్లకు చోటు. ఇప్పటికే పోయినవాళ్ల సంగతి అందులో లేదు. నీళ్లు రాకముందే ముసలివాళ్లను వెంటబెట్టుకొని పోయి, ఏ దిబ్బ ఎవరిదో చెప్పించుకొని, ఫోన్లో అక్షాంశ రేఖాంశాలు గుర్తుపెట్టుకోండి. ఒక్క పూట పని. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చినప్పుడు ఒడ్డున ఉన్న మా అవ్వ దిబ్బ మీద ఇసుక మేట వేసింది. అప్పుడు ఈ పరికరాలు లేవు. మా నాయన నాలుగు చెట్ల నుంచి అడుగులు వేసి కొలిచి మళ్లీ గుర్తు పెట్టాడు. సర్వే నేను ఆయన దగ్గరే నేర్చుకున్నానేమో.

హెడ్మాస్టర్ గారికి ఒక విన్నపం. తొలి పదేళ్ల అడ్మిషన్ రిజిస్టర్లు చెదలు పట్టకముందే ఫోటోలు తీయించాలి. తండ్రి పేరు, సొంత ఊరు గడి అందులో ఉంది. ఎన్ని మారుపేర్లున్నా సరే, నాకు దారి చూపింది అలాంటి గడే. ఆ ఖర్చు మా 1985 బ్యాచ్ భరిస్తుంది, వాళ్లనింకా అడగలేదు, ఇప్పుడు వింటున్నారు కాబట్టి కాదనరు.

మారుపేరు కుటుంబాల వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని నాకు తెలుసు. అందరి ముందు లేచి చెప్పనక్కర్లేదు. భోజనాలయ్యాక సైకిల్ స్టాండ్ దగ్గర కూర్చుంటాను. తాత నౌకరి కాగితం ఉంటే తెచ్చుకోండి. ఫసలీ తేదీలు లెక్క కట్టిస్తాను.